గోడల వాఙ్మూలము, నేల వాఙ్మూలము

1934వ సంవత్సరము జనవరి 15వ తేదీ సోమవారము, పుష్య బహుళ అమావాస్య. పగలు 2 గంటల 13 నిమిషములు. ఉత్తర బీహారమున చెఱకు కోతకు వచ్చియుండెను. రైతులును కూలివాండ్రును పొలములయందుండిరి. పట్టణములలో కచేరీలును అంగళ్లును తెఱచియుండెను. రంజాను నెల ముగియవచ్చుచుండెను. అట్టి వేళ నేలలోనుండి గొప్ప మ్రోత పుట్టినది. మ్రోత వెనువెంటనే నిలుచున్న మనిషిని నిలువనీయని యూపు వచ్చినది. ఆ యూపు కొలది నిమిషములకన్న నెక్కువ సాగలేదు. అది ఆగునప్పటికి గంగయొడ్డున ముంగేరు పట్టణపు బజారు ఇటుకల దిబ్బయై యుండెను. ముజఫర్‌పురము, దర్భంగా, మోతీహారి, సీతామఢి పట్టణములలో చెక్కుచెదరని పక్కా యింటిని వెదకవలసివచ్చెను. ఉత్తరమున నేపాళ లోయలో భక్తపురపు ఇండ్లును దేవాలయములును నేలకొరిగెను. ఖాట్మండులో ధరహరా యను ఎత్తైన స్తంభము విరిగిపడి మొదలు మాత్రము మిగిలెను. సర్కారు లెక్కల ప్రకారము బీహారమున 7,253 మందియు నేపాళమున 8,519 మందియు మరణించిరి. పట్టపగలు గనుక, పల్లెజనము ఇంటిబయట నుండెను గనుక, ఆ లెక్క అంతటితో ఆగినది.

ఇంతమంది యేల మరణించిరి? ఆ దినములలో ఈ ప్రశ్నకు పెద్దలు చెప్పిన సమాధానములు కొన్ని గలవు. వానిని తలచుకొని, పిమ్మట కూలిన గోడలును క్రుంగిన నేలయు తమంతట తాము చెప్పిన వాఙ్మూలము వినుట మంచిది. సాక్షులలో వారే కన్నులార చూచినవారు.

అప్పుడు గాంధీమహాత్ముడు హరిజనోద్యమ సంచారములో నుండెను. 1933 డిసెంబరులో ఆంధ్రదేశమున ఊరూర తిరిగి, పిమ్మట దక్షిణమునకు సాగి, జనవరి 24వ తేదీకి తిరునల్వేలి చేరెను. అచ్చట మాటాడుచు బీహారపు విపత్తు మన పాపమునకు, ముఖ్యముగా అస్పృశ్యత యను పాపమునకు, ఈశ్వరుడు పంపిన శిక్షయని తన విశ్వాసమును వెల్లడించెను. రవీంద్రనాథ ఠాకూరునకు ఈ మాట మిక్కిలి బాధ కలిగించెను. అస్పృశ్యతను ఆయనయు ద్వేషించెను. మహాత్మునియందు ఆయనకు గల గౌరవము లోకవిదితము. అయినను, ప్రకృతిలోని యుత్పాతములకు ప్రకృతిలోనే కారణములుండుననియు, ఇట్టి వాదమును మహాత్ముని ప్రతిపక్షులే మఱింత సులభముగా వాడుకొనగలరనియు ఆయన స్పష్టముగా వ్రాసెను. అనగా, అంటరానివారిని గుడిలోనికి రానిచ్చుటచేతనే భూమి కంపించినదని ఒక శాస్త్రులవారు చెప్పినచో మనము ఏమని ఖండింపగలము? ఇరువురిదియు ఒకే తర్కము. పాపము పేరు మాత్రము మారినది. ఫిబ్రవరి 16వ తేదీ ‘హరిజన్’ పత్రికలో మహాత్ముడు ఠాకూరు లేఖను పూర్తిగా ప్రకటించి, దాని ప్రక్కనే తన సమాధానమును ప్రకటించెను. తన విశ్వాసమును విడువలేదు. తన్ను ఖండించిన లేఖను తన పత్రికలోనే అచ్చొత్తించిన ఆ పెద్దతనమును మెచ్చుకొనవలసినదే. కాని వాదమున నెగ్గినవాడు కవియే యని నా యభిప్రాయము.

భూకంపమునకు కారణము వెదకుటలో మన పూర్వులు ఒక్కమాటమీద నుండలేదు. ఆదిశేషుడు పడగ మార్చునని ఇంటింట ముసలమ్మలు చెప్పుదురు. వరాహమిహిరుడు బృహత్సంహితలో నాలుగు మతములు ఎత్తిచూపెను: జలములలో వసించు మహాజంతువులు కదలుటచేతనని కొందఱు, భూభారముచే అలసిన దిగ్గజములు విశ్రమించుటచేతనని కొందఱు, వాయువు వాయువుతో ఢీకొని నేలబడుటచేతనని కొందఱు, అదృష్టవశమున, అనగా జనుల పుణ్యపాపములచేత, కలుగునని మఱికొందఱు. పదునాలుగు వందల యేండ్ల క్రిందటనే ఇంత అభిప్రాయభేదము ఉండెననుట గమనింపదగినది. తిరునల్వేలిలో వినవచ్చినది ఆ నాలుగవ మతమే. నేటి భూశాస్త్రము చెప్పు కారణము వేఱు. భారతభూఖండము ఉత్తరముగా జరుగుచు హిమాలయముల క్రిందికి చొచ్చుకొనిపోవుచున్నది. అచ్చటి రాళ్లు ఏటికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున నొక్కుకొనుచు, వింటివలె వంగి, నూఱులకొలది యేండ్లకు ఒకమారు పట్టుతప్పి జారును. ఆ జారుటయే కంపము. ఎవరి పాపము ఎంతయో ఆ రాళ్లకు తెలియదు.

ఇక సాక్షుల మాట. భారత భూగర్భ సర్వే శాఖవారు తమ యుద్యోగులను విపత్ప్రదేశమునకు పంపిరి. డన్, ఆడెన్, ఘోష్, రాయ్ మొదలగువారు ఊరూర తిరిగి, ఏ గోడ ఏ దిక్కునకు పడినది, ఏ స్తంభము తిరిగినది, ఏ బావి పూడినది యని వ్రాసికొనిరి. వారి గ్రంథము 1939లో వెలువడినది. (ఈ ఆడెన్ సుప్రసిద్ధ ఆంగ్లకవికి అన్నగారు. తమ్ముడు పద్యములు వ్రాయుచుండగా అన్న ఇటుకలను లెక్కించెను. ఆ యింటివారు ఇద్దఱును లోకమునకు పనికివచ్చినవారే.) వీరికి ముందు 1897 జూన్ 12వ తేదీ అస్సాము మహాకంపమును ఓల్డ్‌హాము దొర ఇట్లే పరిశోధించి యుండెను. ఈ పనిలో గొప్ప యేమన, చచ్చినవారిని పాపులనకుండ, బ్రతికినవారిని పుణ్యాత్ములనకుండ, ఇల్లు ఎట్లు కూలినదని మాత్రమే అడిగిరి. అట్లు అడిగిన తరువాతనే సమాధానము దొరకినది.

ముందు గోడను విచారింతము. ఎద్దుబండి చివుక్కున కదలినప్పుడు అందులో నిలుచున్నవాడు వెనుకకు తూలును. చివుక్కున ఆగినప్పుడు ముందుకు తూలును. ఇంటికి పునాది బండివంటిది, పైకప్పు అందులో నిలుచున్నవానివంటిది. నేల ప్రక్కకు పోయినప్పుడు పునాది దానితో పోవును; పైనున్న బరువు వెనుకబడును; మఱుక్షణమున నేల తిరిగివచ్చును, బరువు ఇంకను ఆవలికి పోవుచుండును. ఈ పెనుగులాట అంతయు గోడ మోయవలెను. పైబరువు ఎంత యెక్కువయో పెనుగులాట అంత యెక్కువ. క్రిందికి దిగు బరువును మోయుటకే మన మేస్త్రీలు గోడలు కట్టుదురు. ఆ పనిలో వారికి లోటు లేదు. ప్రక్కకు తోయు బలమును గూర్చి ఎవరును వారికి చెప్పలేదు.

ఇంటిలో ఒక పీటను తెచ్చి అంచుమీద నిలిపి చూడుడు. పొడవువైపునుండి త్రోసినచో అది కదలదు. వెడల్పువైపున చిటికెనవ్రేలితో త్రోసినను పడును. గోడయు అట్టిదే. నాలుగు గోడల గదికి తూర్పుపడమరలుగా ఊపు వచ్చినచో తూర్పుపడమరలుగా సాగిన రెండు గోడలు తట్టుకొనును. తక్కిన రెండును వీథిలోనికి పడజూచును. మూలలయందు గోడకు గోడ గట్టిగా పెనవేసికొని యుండినచో బలమైన గోడ బలహీనమైనదానిని పట్టి నిలుపును. మూల విడినప్పుడు నాలుగు గోడలును నాలుగు పీటలగును. గోడ బయటికి వంగినంతనే దానిపైనున్న దూలపుకొన జారి, కప్పు లోపలివారి నెత్తిపై బడును. బీహారమున నిలిచిన గోడలపై కిటికీకిని కిటికీకిని నడుమ కత్తెరగుర్తువలె రెండేసి బీటలు కనబడెను. ఊపు ఇటు పోయినప్పుడు ఒక బీట, అటు పోయినప్పుడు రెండవ బీట.

ముంగేరులో ఈ లోపములన్నియు ఒకచోట గూడెను. పాతయిండ్లు, సారము చచ్చిన గార, అంతస్తుపై అంతస్తు, వానినడుమ ఇరుకుసందులు. ఇంటిలోనున్నవారు ఇంటిక్రింద పడిరి. సందులోనికి పరుగెత్తినవారిపై రెండుప్రక్కల గోడలును పడెను. ఆ యొక్క పట్టణమునందే వేయిమందికి పైగా మరణించిరి. జవాహర్‌లాలు నెహ్రూ అచ్చటికి పోయి, స్వయముగా పలుగు పారలు పట్టి శిథిలములను త్రవ్వెను. బాబూ రాజేంద్రప్రసాదు కంపము జరిగిన రెండుదినములకు కారాగారమునుండి విడుదలై బీహారు సహాయసంఘ భారమును వహించెను. ఆ పుణ్యకార్యముల కథ వేఱుగా వ్రాయదగినది.

ముంగేరు గంగకు దక్షిణపు టొడ్డున నున్నది. గంగ దాటి ఉత్తరమునకు పోయినప్పుడు సర్వే ఉద్యోగులకు వేఱొక లోకము కనబడెను. మోతీహారి మొదలుకొని సీతామఢి, మధుబనీల మీదుగా పూర్ణియా వైపునకు సుమారు 300 కిలోమీటర్ల పొడవున ఒక పట్టీ. ఈ పట్టీలో ఇండ్లు పగిలి ముక్కలగుటకన్న ఒరిగి, క్రుంగి యుండెను. బరువైన గోడలు నేలలోనికి దిగబడగా వాని నడుమనున్న గచ్చు పైకి ఉబికెను. ఎత్తుగా పోసిన రోడ్డుకట్టలు పొలముల మట్టమునకు దిగిపోయెను. వాని ప్రక్కల గుంటలు అడుగునుండి పైకి లేచి పూడెను. నదుల యొడ్డున నేల నెఱ్ఱెలుగా విడి ఏటివైపునకు జరిగెను. ఆ జరుగుటతో వంతెనల స్తంభములు ఒరిగెను, రైలుపట్టాలు పామువలె మెలికలు తిరిగెను. అన్నిటికన్న వింత, నేలలోని నెఱ్ఱెలనుండియు బిలములనుండియు నీరును ఇసుకయు చిమ్మనగ్రోవులవలె పైకి చిమ్మెను. పాతాళగంగ పొంగినదని జనులు భయపడిరి.

ఇది యెట్లు జరిగినదో మన వంటయింటిలోనే చూపవచ్చును. బియ్యము కొలుచువారు సోలను రెండుమారులు తట్టినచో గింజలు సర్దుకొని, నిండిన సోలలో మఱికొంత చోటు దొరకును. వదులుగానున్న గింజల రాశి ఏదియైనను ఊపినప్పుడు చిక్కబడ జూచును. ఉత్తర బీహారపు నేల యంతయు హిమాలయముల నుండి నదులు తెచ్చిపోసిన ఒండ్రు. పైన బంకమట్టి, దానిక్రింద సన్నని ఇసుక, ఆ యిసుక రేణువుల సందులనిండ నీరు. ఊపు వచ్చినప్పుడు రేణువులు సర్దుకొనబోవును. కాని సందులలోని నీరు అంత త్వరగా ఎటు పోగలదు? పోలేక నొక్కుడుపడును. ఆ నొక్కుడు పెరిగి పెరిగి రేణువును రేణువునుండి విడదీయును. ఒకదానిపై నొకటి ఆనుకొని ఇంటిని మోయుచున్న రేణువులు ఆ క్షణమున నీటిలో తేలును. అప్పుడది నేల కాదు, చిక్కని జావ. సముద్రపుటొడ్డున తడియిసుకపై నిలిచి పాదములతో తొక్కిన పిల్లలందఱును దీనిని చూచినవారే: గట్టిగా నున్న ఇసుక మెత్తబడి నీరు పైకి ఊరును, పాదము దిగబడును. శాస్త్రజ్ఞులు దీనిని ద్రవీకరణమందురు. 1964 జూన్ 16వ తేదీన జపానులోని నీగాట పట్టణమున అంతస్తుల మేడలు గోడ చెదరకుండ, పెట్టెను ఒరగబెట్టినట్లు మొత్తముగా ఒరిగిపోయిన పిమ్మట ఇంజనీర్లు దీనిని శ్రద్ధగా శోధింప మొదలిడిరి. బీహారపు ఒండ్రునేల ముప్పది యేండ్లు ముందుగనే ఆ పాఠమును చెప్పియుండెను.

ఇచ్చట ఒక విచిత్రము గలదు. ఆ క్రుంగిన పట్టీలో ఇండ్లు పాడైనంతగా మనుష్యులు చావలేదు. నేల జావయైనప్పుడు అది ఊపును పైకి చేరనీయదు. ఇల్లు పగులక మెల్లగా దిగబడును. లోపలివారికి బయటికి వచ్చుటకు వ్యవధి చిక్కును. ముంగేరులో నేల నిలిచినది, గోడలు చంపినవి. సీతామఢిలో గోడలు కొంత దయ చూపినవి, నేల మోసము చేసినది.

ఆ మోసము ఎవరికి తగిలినదో చూడుడు. ఇటుకయింటివాని యిల్లు కూలినది. పూరిగుడిసెవాని గుడిసె తఱచుగా నిలిచినది. వెదురు వంగును, తడిక ఊగును, గడ్డికప్పు పడినను ప్రాణము తీయదు. పాపమునకు శిక్షయనువారు దీనిని కూడ తమ లెక్కలో చేర్చుకొందురేమో! కాని గుడిసెవాడు బ్రతికి బయటికి వచ్చి చూచుకొనగా వాని పొలముపై ఇసుకమేట వేసియుండెను. త్రాగు నీటిబావి గొంతువఱకు ఇసుకతో పూడియుండెను. చెఱకు నిలిచినను, దానిని ఆడవలసిన చక్కెరమిల్లులు దెబ్బతిని మూలబడెను. సహాయసంఘములవారు అన్నవస్త్రముల పిమ్మట చేయవలసివచ్చిన పెద్దపని బావుల పూడిక తీయించుటయు, పొలముల ఇసుక తీయించుటయునే. పట్టణపువాని నష్టము ఒక్కదినమున లెక్కకు వచ్చినది. పల్లెవాని నష్టము పంటకాలములమీదుగా వచ్చినది. మార్చి నెలలో మహాత్ముడు స్వయముగా బీహారము వచ్చి ఈ యూళ్లు తిరిగెను. అస్పృశ్యతను పాటించిన పెద్దయింటివాడును, దానిని అనుభవించిన పేదవాడును ఆ యిసుకలోనే నిలిచియుండిరి.

నేల ఎంత మోసగత్తెయో తెలుపుటకు ఇంకొక సంగతి. సర్వే ఉద్యోగులు, నాశనము మిక్కుటముగానున్న చోటనే కంపము పుట్టియుండునని ఎంచి, దాని జన్మస్థానమును బీహారపు మైదానముక్రిందనే గుర్తించిరి. దశాబ్దముల పిమ్మట కంపలేఖినుల పత్రములను తిరిగి పరిశీలింపగా అది తూర్పు నేపాళమున, ఎవరెస్టు శిఖరమునకు దక్షిణముగా పుట్టినదని తేలినది. తీవ్రత 8కి తక్కువ కాదు. దూరముననున్న మెత్తనినేల దగ్గఱనున్న రాతినేలకన్న నెక్కువగా ఊగి, ఆ బుద్ధిమంతుల కన్నులనే కప్పినది. ఖాట్మండులోయ సైతము పూర్వము ఒక సరస్సు పూడగా ఏర్పడిన నేలయే. అందుచేతనే అచ్చటి దెబ్బ అంత గట్టిగా తగిలినది. 1985 సెప్టెంబరు 19వ తేదీన మెక్సికో నగరమున గూడ ఇట్లే జరిగినది. కంపము పుట్టినచోటు అచ్చటికి 350 కిలోమీటర్లకు పైదూరము. కాని నగరము పాతచెరువుపై కట్టబడినది. ఆ బురదనేల మెల్లగా, దీర్ఘముగా ఊగెను. ఆ లయకు సరిపడిన ఎత్తుగల మేడలు దానితో గూడి ఊగి ఊగి కూలెను. వానిప్రక్కనే పొట్టియిండ్లు కొన్ని నిలిచెను. ఉయ్యాలను దాని లయలోనే త్రోసినచో చిన్నపిల్లయు ఎత్తునకు పంపగలదు గదా.

బీహారమున ఇండ్లు కూలుటకు ముందే, వీనికి మందు ఈ దేశముననే దొరకియుండెను. 1931 ఆగస్టులో బెలూచిస్థానమున మాచ్ ప్రాంతమున కంపము కలిగినది. అప్పుడు రైల్వేలో పనిచేయుచున్న ఎస్. ఎల్. కుమార్ అను యువ ఇంజనీరు కంపమును తట్టుకొను ఇండ్లను గూర్చి ఆలోచించి, క్వెట్టాలో ఉద్యోగుల బసలు కొన్నిటిని ఆ పద్ధతిని కట్టించెను. 1933లో ఒక వ్యాసము వ్రాసి, అందు మన దేశమున ఏ సీమలకు ఎంత అపాయమో చూపు పటమునుగూడ గీసెను. 1935 మే 31వ తేదీ తెల్లవారుజామున క్వెట్టా కదలినది. 30,000కు తక్కువ గాని జనము నిద్రలోనే మరణించిరి. ఊరంతయు నేలమట్టమైనప్పుడు ఆ రైల్వే బసలు నిలిచియుండెను. అంతకుముందు కొన్నియేండ్లు ఆ బసల ప్రక్కనే ఊరివారు మామూలుగా ఇండ్లు కట్టుకొనుచునే యుండిరి. పాపమను మాటను ఉపయోగింపక తప్పదన్నచో నేను దానిని ఇచ్చట ఉపయోగింతును.

ఆ పద్ధతిలో గూఢమైన దేమియు లేదు. బండిచక్రమునకు కమ్మరి ఇనుపపట్టా వేయునట్లు, ఇంటి గోడలన్నిటిచుట్టును, పునాదిమట్టమునను ద్వారబంధముల పైమట్టమునను కప్పుక్రిందను, తెగకుండ ఒక కట్టు వేయుట. మూలలయందు నిలువుగా ఇనుము నిలుపుట. కట్టు వేసినప్పుడు నాలుగు పీటలు ఒక పెట్టెయగును. ఇనుము లేనిచోట కలపతోను ఈ పని చేయవచ్చును; కాశ్మీరమువారు ఇటుకగోడల నడుమ కఱ్ఱలు పెనవేసి కట్టు పాత పద్ధతి ఇట్టిదే. అస్సాములో 1897 పిమ్మట రాతి మేడలు మాని, కఱ్ఱ చట్రము, ఇకరగడ్డి తడిక, దానిపై పూత, తేలికకప్పు గల ఇండ్లు కట్టుకొనిరి. దెబ్బతిన్నవారు నేర్చుకొనిరి, తినని సీమలవారు వినలేదు.

వినకపోవుటకు ఒక కారణము, దక్షిణాపథము కదలదను నమ్మిక. ఇది మిక్కిలి పురాతనమైన రాతిపీఠము గనుక నిశ్చలమని పండితులు గూడ తలచిరి. 1967 డిసెంబరు 11వ తేదీ కోయనా కంపముతో ఆ ధీమా కొంత సడలెను. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున లాతూరు మండలములో కిల్లారి, దాని చుట్టుప్రక్కల గ్రామములు కూలగా పూర్తిగా పోయెను. ఆ ఊపు హైదరాబాదులోనివారిని గూడ నిద్రలేపినది. కంప తీవ్రత 6.2 ప్రాంతము, అనగా 1934 నాటి శక్తితో పోల్చినచో కొన్ని వందలవంతులలో ఒకవంతు. అయినను దాదాపు 8,000 మంది మరణించిరి. 1934లో మహాకంపము బీహారమంతట చంపినవారికన్న ఇది ఎక్కువ. చచ్చినది కొలది గ్రామములలోనివారు.

ఆ యిండ్లను మనము ఎఱుగుదుము. రెండడుగులకు పైగా దళసరిగల రాతిగోడలు, మట్టి అడుసు, కఱ్ఱదూలములపై పలకలు పఱచి, వానిపై మన్ను. ఎండకు చల్లన, దొంగకు గట్టి. వాన కురిసినకొలది కప్పుపై కొత్తమన్ను పోయుచు వచ్చుటచే అది తండ్రికాలమునకన్న కొడుకు కాలమున బరువెక్కినది. మన రాయలసీమ మిద్దెలకును తెలంగాణపు పాతయిండ్లకును అది దగ్గఱి చుట్టమే. చూచుటకు కోటగోడవలె నుండు ఆ రాతిగోడ నిజముగా ఒక గోడ గాదు. లోపలి ముఖమొకటి, బయటి ముఖమొకటి, నడుమ గులకరాళ్లును మన్నును. ఈ ముఖమునుండి ఆ ముఖమువఱకు సాగు పొడుగురాయి అక్కడక్కడ వేసియుండినచో రెండును కలిసి నిలిచెడివి. అది వేయకపోగా, ఊపునకు రెండు ముఖములు విడిపోయి, ఒకటి లోపలికి ఒకటి బయటికి జారినవి. పైనున్న మన్నంతయు నిద్రించువారిపై దిగినది. వినాయక నిమజ్జనపు సందడి ముగించుకొని పడుకొన్నవారు వారు. ఊరిచివర గడ్డికప్పుల క్రింద పడుకొన్న పేదలకు అంత అపాయము కలుగలేదు. పిమ్మట మిగిలిన గోడలను బాగుచేయించుటకు వచ్చిన ఇంజనీర్లు చేయించిన పని యేమనగా, గోడకు ఆరపార రంధ్రములు పొడిచి, అందు ఇనుపచువ్వ నిలిపి కాంక్రీటు నింపుట. తాతలనాడు మేస్త్రీ వేయని రాయిని మనుమలనాడు ఆ విధముగా వేసిరి.

రాయి మాని సిమెంటు మేడలు కట్టుకొంటిమి గదా యని కొందఱు నిశ్చింతగా నుందురు. 2001 జనవరి 26వ తేదీ ఉదయము 8 గంటల 46 నిమిషములకు కచ్ఛసీమలో భుజ్ ప్రాంతమున కంపము పుట్టినది. అచ్చటికి 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదు నగరమున అంతస్తుల మేడలు కొన్ని కూలెను. వానిలో పెక్కింటికి క్రిందియంతస్తున గోడలు లేవు. మోటారుబండ్లు నిలుపుకొనుటకు వీలుగా స్తంభములపై పైయంతస్తులను ఎక్కించిరి. పైన గోడలతో బిగిసిన పెట్టె, క్రింద సన్నని కాళ్లు. ఊపు వచ్చినప్పుడు వంగవలసిన వంపంతయు ఆ కాళ్లలోనే వంగినది. అదే కచ్ఛములో బన్నీపల్లెలవారి గుండ్రని భుంగా గుడిసెలు పెక్కు నిలిచినవి. గుండ్రని గోడకు విడిపోవుటకు మూలలే లేవు.

ఇట్టి కాళ్లమేడలు మన పట్టణములలో ఎన్నియున్నవో వీథిలోనికి వచ్చి లెక్కించుకొనవచ్చును. కృష్ణాగోదావరుల ముఖములయందలి నేల బీహారపు నేలవలెనే ఏటి ఒండ్రు, తడి ఇసుక. మనసీమ హిమాలయముల అంచున లేదు. బీహారపు మహాకంపమువంటిది ఇచ్చట వచ్చునని చెప్పుట భయపెట్టుట మాత్రమే. కాని లాతూరు కంపము చిన్నదే గదా. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతము కదలినది. 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచలము కదలినది; దాని తీవ్రత 5.7. ఇంజనీర్లు అనుసరింపవలసిన నియమములు మన దేశమున 1962లోనే తొలిసారి అచ్చయినవి. అవి ఇంజనీరు చేతికి వచ్చినవి. ఇల్లు కట్టించు గృహస్థునకును కట్టు మేస్త్రీకిని వాని భాషలో చేరుట మిక్కిలి అరుదు. ముహూర్తమును వాస్తును విచారించుటకు మనము ముగ్గురు పండితుల నడిగెదము. మూలలలో ఇనుము ఎట్లు వంచితివని మేస్త్రీని ఒక్కమాట అడిగినవారు ఎందఱు?

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ఆ గోదావరి లోయలోనే ములుగు జిల్లాలో మరల నేల కదలినది. తీవ్రత 5.3. హైదరాబాదు మొదలుకొని బెజవాడవఱకు ఆ యూపు తెలిసినది. పొయ్యిమీది గిన్నెలు దించి కొందఱు, పిల్లలను చంకనెత్తుకొని కొందఱు వీథులలోనికి వచ్చి నిలిచిరి. కొంతసేపు ఒకరితో నొకరు మాటలాడుకొనిరి. నేల మరల కదలలేదు. పిమ్మట ఎవరి యింటిలోనికి వారు పోయిరి.